ఆవాహన చేసినవారు ఉద్వాసన చెప్పారా?



గత కార్తిక మాసంలో ఒక సోమవారం ప్రదోషాభిషేకం ముగిసి తీర్థప్రసాద వినియోగం జరుగుతున్న వేళ, మా ఆలయానికి నిత్యం వచ్చే భక్తులొకరు తమ ఫోనులో ఒక జాబితా చూపారు. 2019లో ఉపా చట్ట సవరణకు పార్లమెంటులో వ్యతిరేకంగా ఓటు వేసిన సభ్యుల పేర్లవి. పైన 'దేశద్రోహులు' అని శీర్షిక. "శాస్త్రిగారూ, దీన్ని మన ఆలయ ప్రకటన ఫలకం మీద పెట్టించండి. వీరికి ఓటు వేయడం పాపమని మీ నోట ఒక్క మాట వస్తే పదిమందీ వింటారు" అన్నారు. పదిరోజులు తిరక్కుండానే, న్యాయశాస్త్రం చదువుతున్న ఒక యువకుడు అదే సవరణకు అనుకూలంగా ఓటు వేసినవారి జాబితా తెచ్చాడు. దాని శీర్షిక 'స్వేచ్ఛాహంతకులు'. అతని కోరికా అదే.

రెండింటినీ తిప్పి పంపాను. ఆలయంలో రాజకీయం ఎందుకని తప్పుకున్నానని వారిద్దరూ భావించారు. అది నిజం కాదు. రాజధర్మ విచారం మన శాస్త్రాలకు పరాయిది కాదు. అంపశయ్యపై నుండి భీష్మపితామహుడు ధర్మరాజుకు మొట్టమొదట ఉపదేశించినది రాజధర్మమే, మోక్షధర్మం ఆ తరువాతిది. నా అభ్యంతరం వేరు. ఒక ప్రజాప్రతినిధి ధర్మాధర్మాలను ఒకే ఒక్క ఓటుతో తూచే ఆ పద్ధతి అశాస్త్రీయమైనది. ఇందులో ఎక్కువగా దారి తప్పినది మన ఆస్తికలోకమే అని నా నమ్మకం. కనుక ఈ వ్యాసం ముఖ్యంగా మనవారిని ఉద్దేశించినది.

పూర్వపక్షం

ప్రతివాది మాటను బలహీనపరచి ఖండించడం మన వాదమర్యాద కాదు. కావున పూర్వపక్షాన్ని దాని పూర్ణబలంతోనే చెబుతాను.

దండం లేని రాజ్యంలో మత్స్యన్యాయం ప్రవర్తిల్లుతుంది. పెద్ద చేప చిన్న చేపను మింగుతుంది. 2001 డిసెంబరు 13న సాయుధులు సాక్షాత్తూ పార్లమెంటు ప్రాంగణంలోకే చొరబడ్డారు. 2007 ఆగస్టు 25 సాయంకాలం హైదరాబాదులో లుంబినీ పార్కులోను, గోకుల్ చాట్ వద్దను జరిగిన పేలుళ్లలో నలభైమందికి పైగా అసువులు బాశారు. విహారానికో, ఉపాహారానికో వెళ్లినవారు ఇల్లు చేరలేదు. 2008 నవంబరు 26న ముంబయి మహానగరం మీద జరిగిన దాడిలో 166 మంది హతులయ్యారు. ఇటువంటి కుట్ర సరిహద్దుల ఆవల పుడుతుంది, రహస్యంగా సాగుతుంది, సాక్షులను భయపెడుతుంది. జేబుదొంగను పట్టే సాధారణ చట్టంతో దీన్ని నిగ్రహించడం సాధ్యమా? సాధ్యం కాదు కనుక విశేషాధికారం అవసరం. ఆ అధికారానికి అడ్డుపడినవాడు తెలిసో తెలియకో శత్రువుకు సహాయకుడు.

ఈ వాదంలో చివరి వాక్యం తప్ప తక్కినదంతా నాకు సమ్మతమే. గోకుల్ చాట్ వద్ద మరణించినవారి జీవించే హక్కు కూడా పౌరహక్కే. ఆ హక్కును కాపాడలేని రాజ్యం ఎంత ఉదారమైనదైనా ధర్మరాజ్యం కాదు. స్వేచ్ఛ పేరిట ఈ సంగతిని మరుగుపరచేవారితో నాకు పొత్తు లేదు. ఆ యువకుడికి కూడా ఈ మాటే చెప్పాను.

అగ్ని, పరిధి

అయితే చివరి వాక్యం ఎందుకు తప్పు? నా వృత్తిలోని విషయంతోనే చెబుతాను.

హోమం చేయడమంటే అగ్నిని రగిలించడం మాత్రమే కాదు. రగిలించడం ఎవరికైనా చేతనవుతుంది. ఋత్విజుని విద్య అంతా ఆ అగ్నికి హద్దు కట్టడంలో ఉంది. ముందు స్థలశుద్ధి, తరువాత కుండం. అగ్నిప్రతిష్ఠ తరువాత పడమర, దక్షిణ, ఉత్తర దిక్కులలో మూడు పరిధులు ఉంచుతాం. తూర్పున సూర్యుడే రక్షకుడు. చుట్టూ జలంతో పరిషేచనం చేస్తాం. కర్మ ముగిశాక మరల పరిషేచనం, ఆ పైన ఉద్వాసన. పరిధి లేని అగ్ని హవ్యాన్నీ దహిస్తుంది, యజమాని ఇంటినీ దహిస్తుంది. ఏది హవ్యమో ఏది ఇల్లో దానికి తెలియదు.

దండం కూడా అటువంటి అగ్నియే. కౌటిల్యుని మృదుస్వభావి అని ఎవరూ అనలేరు. ఆయనే తన అర్థశాస్త్ర ప్రారంభంలో దండాన్ని మూడు తెరగులుగా విభజించాడు. తీక్ష్ణదండుడైన రాజు ప్రజలకు భీతి కలిగిస్తాడు, మృదుదండుడు చులకన అవుతాడు, తగినంత దండం విధించేవాడే పూజ్యుడు అవుతాడని ఆయన నిర్ణయం. దోషవశాన ప్రయోగించిన దండం వానప్రస్థులకు, పరివ్రాజకులకు సైతం కోపం తెప్పిస్తుందని కూడా హెచ్చరించాడు. బృహదారణ్యకం ఇంకా లోతుకు వెళ్లి, ధర్మాన్ని క్షత్రానికే క్షత్రంగా నిరూపించింది. రాజును మించిన రాజు ధర్మం. దాని అండ ఉన్నందువల్లనే దుర్బలుడు సైతం బలవంతుని ఎదుట నిలువగలుగుతున్నాడు. నేటి భాషలో దీన్నే రాజ్యాంగం, న్యాయస్థానం, బెయిలు, విచారణ అంటున్నాము. ఇవి పాశ్చాత్యుల నుండి అరువు తెచ్చుకున్న విలాసవస్తువులని భావించడం మన శాస్త్రాల పట్ల మనకున్న అపరిచయాన్నే చాటుతుంది.

కావున నా ప్రశ్న 'అగ్నిని రగిలించడానికి ఓటు వేశాడా లేదా' అన్నది కాదు. పరిధి ఉంచాడా, ఉద్వాసన చెప్పాడా అన్నది. దీనికి పార్లమెంటు చరిత్రే సాక్ష్యం.

చరిత్ర చెప్పిన సాక్ష్యం

1971లో ఆంతరంగిక భద్రతా చట్టం, జనసామాన్యం నోట మీసా, పార్లమెంటులో ఆమోదం పొందింది. భద్రత అనే పదం దాని పేరులోనే ఉంది. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటితమైంది. జూలైలో ఆ ప్రకటనను ఆమోదిస్తూ లోక్‌సభలో 336 మంది, వ్యతిరేకిస్తూ 59 మంది ఓటు వేశారు. అప్పటికే ప్రతిపక్ష నాయకులనేకులు కారాగారాల్లో ఉన్నారు. ఆ కాలంలో మీసా కింద, దేశరక్షణ నిబంధనల కింద నిర్బంధితులైనవారి సంఖ్య లక్షకు పైమాటే అని తరువాత షా కమిషన్ తేల్చింది. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, ఆ పరిస్థితిలో నిర్బంధితుడికి న్యాయస్థానపు తలుపు తట్టే హక్కే లేదని నలుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో తీర్పు చెప్పింది. కాదన్నవారు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ఆయనను దాటవేసి మరొకరిని ప్రధాన న్యాయమూర్తిని చేశారు.

ఈ లక్షమందిలో మనవారు ఎందరో ఉన్నారన్నది నేటి తరం మరచిన సత్యం. అప్పటికి నాకు ఏడేళ్లు. మధ్యాహ్నాలు నాకు అమరకోశం వల్లె వేయించే ఉపాధ్యాయులొకరు మా వీధిలోనే ఉండేవారు. సాయంకాలం పిల్లలను కూర్చి వ్యాయామం, దేశభక్తి గీతాలు నేర్పేవారు. ఒకరాత్రి వచ్చి ఆయనను తీసుకుపోయారు. కారణం చెప్పలేదు. ఆయన ధర్మపత్ని ప్రతి సోమవారం మా తండ్రిగారి వద్దకు వచ్చి గోత్రనామాలు చెప్పి అభిషేకం చేయించేవారు. ఒకనాడు ఆమె, "మండల దీక్ష పడదామనుకుంటున్నానండీ. ఎన్ని మండలాలని సంకల్పం చెప్పుకోమంటారు?" అని అడిగారు. మా తండ్రిగారు సమాధానం చెప్పలేకపోయారు. నేరానికైతే శిక్షాకాలం ఉంటుంది, రోగానికి కూడా వైద్యుడు ఒక గడువు చెబుతాడు. ఆ నిర్బంధానికి అవధి లేదు. 1977 మార్చి ఎన్నికల తరువాత గానీ ఆయన ఇంటికి రాలేదు. 1971లో ఆ చట్టానికి చేయి ఎత్తినవారిలో ఎంతమంది ఆ ఉపాధ్యాయుని వంటివాణ్ణి ఉద్దేశించి ఎత్తి ఉంటారు? బహుశా ఒక్కరూ కాదు. కాని పరిధి లేని అగ్ని ఋత్విజుని ఉద్దేశాన్ని అడగదు.

తదనంతరం 1978లో పార్లమెంటు 44వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. అత్యవసర పరిస్థితికి హేతువుగా ఉన్న 'అంతర్గత కల్లోలం' అనే సడలు మాటను తొలగించి 'సాయుధ తిరుగుబాటు' అని మార్చింది. ఎటువంటి అత్యవసర పరిస్థితిలోనైనా 20, 21 అధికరణలను నిలిపివేయరాదని శాసించింది. ఇవి ఉత్తమమైన పరిధులు. అదే సవరణలోని మూడవ విభాగం ముందస్తు నిర్బంధానికి మరొక పరిధి కట్టింది. సలహామండలి అభిప్రాయం లేకుండా నిర్బంధించగల కాలాన్ని మూడు నెలల నుండి రెండు నెలలకు తగ్గించింది. ఆ మండలి కూర్పును హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సుకు ముడిపెట్టింది. ఆశ్చర్యమేమంటే, పార్లమెంటు ఓటు వేసిన ఆ విభాగాన్ని నేటివరకు ఏ ప్రభుత్వమూ అమలులోకి తీసుకురాలేదు. అమలు తేదీని ప్రకటించే అధికారం ప్రభుత్వానిదే. జనతా, కాంగ్రెస్, సంకీర్ణం, భాజపా అన్నీ వచ్చాయి, కొన్ని వెళ్లాయి. యజమాని సంకల్పం చెప్పాడు, పరిధి మాత్రం కట్టెలమోపులోనే ఉండిపోయింది. ఓటు జాబితాలు ప్రచారం చేసే మన మిత్రులు ఈ విభాగం గురించి ఏ అభ్యర్థినైనా ఎన్నడైనా ప్రశ్నించారా?

ఇక పోటా సంగతి. 2002 మార్చిలో లోక్‌సభ ఆమోదించిన ఆ బిల్లును రాజ్యసభ 113–98 ఓట్లతో తిరస్కరించింది. అప్పుడు ఉభయసభల సంయుక్త సమావేశం జరిపి 425–296 ఓట్లతో గెలిపించారు. నాటి కూటమిలో భాగమైన తమిళనాటి ఎండీఎంకే పక్షం దాన్ని సమర్థించింది. ఆ పక్షాధినేత వైగో లోక్‌సభ సభ్యులు. అదే సంవత్సరం జూలైలో, ఒక ప్రసంగం చేసిన కారణంగా, వారి రాష్ట్ర ప్రభుత్వం ఆయనను ఆ చట్టం కిందనే నిర్బంధించింది. పంతొమ్మిది నెలలు ఆయన కారాగారంలో ఉన్నారు. ఆయన భావాలు నాకు సమ్మతమా కాదా అన్నది ఇక్కడ అప్రస్తుతం. స్వపక్షం ఓటుతో కట్టిన చెరసాలలో స్వయంగా నివసించిన ఆ దృష్టాంతమే ప్రస్తుతం.

నాడు పోటాను వ్యతిరేకించిన కాంగ్రెస్ 2004లో అధికారానికి వచ్చి దాన్ని రద్దు చేసింది. స్వేచ్ఛావాదులు హర్షించారు. కాని అదే ఏడు పోటాలోని పలు అంశాలను 1967 నాటి ఉపా చట్టంలోకి చేర్చింది. 2008 డిసెంబరులో, ముంబయి దాడి జరిగిన నెలలోపే, అభియోగపత్రం లేకుండా 180 రోజుల వరకు నిర్బంధించే వీలును, ఆరోపణ ప్రాథమికంగా నిజమనిపిస్తే బెయిలు నిరాకరించే నియమాన్ని జోడించింది. 2019లో భాజపా ప్రభుత్వం సంస్థలనే కాక వ్యక్తులను కూడా ఉగ్రవాదులుగా ప్రకటించే అధికారం కోరింది. లోక్‌సభలో 287 మంది ఔనన్నారు, ఎనిమిదిమంది కాదన్నారు. రాజ్యసభలో 147 మంది ఔనన్నారు, 42 మంది కాదన్నారు. బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపాలని పట్టుబట్టి విఫలమైన కాంగ్రెస్, చివరకు రాజ్యసభలో అనుకూలంగానే ఓటు వేసింది. ఆ యువకుని జాబితాకూ, ఆ భక్తుని జాబితాకూ ఇక్కడే పునాది కదిలిపోతుంది. పక్షాలు మారినా అగ్ని మాత్రం పెరుగుతూనే వచ్చింది.

ఉద్వాసన లేని కర్మ

ఇందులో సూక్ష్మమైనదొకటి ఉంది. టాడా కఠినమైన చట్టమే, కాని దానికి రెండేళ్ల గడువు ఉండేది. గడువు తీరినప్పుడెల్లా పార్లమెంటు దాన్ని పొడిగించవలసి వచ్చేది. 1995లో పొడిగించలేదు, అది అంతరించింది. పోటాకు మూడేళ్ల గడువు ఉండేది. ఆపత్కాలంలో ఆపద్ధర్మం అనుమతింపదగినదే. అయితే ఆపద తీరిన పిదప ఆపద్ధర్మాన్ని విడవడం కూడా విధియే. ఉపాకు అటువంటి గడువు లేదు, అది శాశ్వత చట్టం. గడువు ఉన్న చట్టానికి ప్రతినిధి మళ్లీ మళ్లీ జవాబుదారీ. గడువు లేనిదానికి ఒక్కసారి చేయి ఎత్తితే చాలు, ఆ తరువాత ఎన్ని గృహాలు చీకటైనా అతని ఓటు మరల పరీక్షకు రాదు. ఆవాహన ఉన్నది, ఉద్వాసన లేదు.

ఫలితం మన కన్నుల ఎదుటనే ఉంది. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగింది. మొదట అనేకమంది ముస్లిం యువకులను పట్టుకున్నారు. తరువాత న్యాయస్థానాలు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టాయి. కొన్నేళ్లకు అదే కేసులో కాషాయధారి అయిన ఒక స్వామిని, మరికొందరు హిందువులను పట్టుకున్నారు. 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం విచారణను ఎదుర్కొన్న వారిని కూడా నిర్దోషులుగా ప్రకటించింది. మొదటివారి నిర్బంధాన్ని మనం చూచీ చూడనట్లున్నాము, రెండవవారి నిర్బంధానికి అశ్రువులు రాల్చాము. మృతుల కుటుంబాలకు ఈ రెండింటి వల్లా న్యాయం జరగలేదు. పరిధి లేని దండం నిర్దోషిని బాధించడమే కాదు, దోషిని పట్టడంలో కూడా విఫలమైంది. స్వేచ్ఛను తగ్గించుకుంటే ఆ మేరకు భద్రత పెరుగుతుందన్న లెక్క ఇక్కడ తప్పింది.

తెలుగు కవి వరవరరావును 2018లో హైదరాబాదులోని ఆయన ఇంటి నుండి తీసుకువెళ్లారు. ఆయన సిద్ధాంతం నాకు అత్యంత విరుద్ధం. నేను నమ్మిన దైవాన్ని ఆయన నమ్మరు. అయినా ఎనభయ్యేళ్ల వృద్ధుడు విచారణ మొదలు కాకుండానే ఏళ్లు గడపడం, 2022లో అనారోగ్య కారణాన బెయిలు పొందడం శిక్షాక్రమం అనిపించుకోదు. దోషమున్నచో విచారించి దండించండి. విచారణనే దండనగా మార్చడానికి ఏ ధర్మశాస్త్రమూ సమ్మతించదు.

అణిమాండవ్యుని ఉపాఖ్యానం మీకు తెలియనిది కాదు. మౌనవ్రతంలో ఉన్న ఆ మహర్షి ఆశ్రమంలో దొంగలు సొమ్ము దాచారు. అడిగితే ఆయన పలకలేదు. రాజభటులకు ఆయన మౌనమే సాక్ష్యమైంది, రాజు శూలానికి ఎక్కించాడు. ప్రాథమికంగా ఆరోపణ నిజమనిపించిందన్నమాట! తరువాత రాజు పాదాలపై పడ్డాడు, కాని శూలపు ముక్క శరీరంలో ఉండనే ఉండిపోయింది. ఆ మహర్షి యమధర్మరాజునే నిలదీశాడు. బాల్యంలో పురుగులను గడ్డిపరకతో గుచ్చిన పాపానికి ఇది ఫలమన్నాడు యముడు. అల్పదోషానికి మహాదండం విధించినందుకు ధర్మదేవతే శాపగ్రస్తుడై విదురుడుగా జన్మించాడు. పద్నాలుగేళ్లలోపు చేసిన కర్మకు పాపం అంటరాదని మాండవ్యుడు మర్యాద విధించాడు. సాక్షాత్తూ ధర్మదేవతకే పరిధి కట్టిన సంప్రదాయం మనది. శాఖాధికారికి, పోలీసు ఇన్‌స్పెక్టరుకు వద్దంటామా?

ప్రతినిధిని పరీక్షించడం ఎలా?

ఓటు జాబితా మాత్రమే చాలదనడానికి రెండు వ్యావహారిక కారణాలు కూడా ఉన్నాయి. మన చట్టసభల్లో పెక్కు బిల్లులు మూజువాణి ఓటుతో గడచిపోతాయి. అప్పుడు ఎవరు ఏమన్నారో పేరుపేరునా నమోదు కాదు. ఇక 1985 నాటి ఫిరాయింపుల నిరోధక సవరణ వల్ల విప్‌ను ధిక్కరించినవాడు పదవినే కోల్పోవచ్చు. కనుక నమోదైన ఓటు కూడా తరచుగా పక్షాధినేత ఓటే. సభ్యుని అంతఃకరణం తెలియాలంటే అతని ప్రసంగం చదవాలి, అతను ప్రతిపాదించిన సవరణలు చూడాలి. ఉభయసభల చర్చలు అందరికీ అందుబాటులో ఉన్నాయి.

నేను ఇలా పరీక్షిస్తాను. చట్టానికి గడువు కోరాడా? నిర్బంధితుడు త్వరగా న్యాయమూర్తి ఎదుటికి రావాలని పట్టుబట్టాడా? అధికారపక్షంలో ఉన్నప్పుడు చెప్పిన మాట ప్రతిపక్షంలోనూ చెప్పాడా? తనకు అత్యంత అప్రియుడైన నాయకుని చేతికి ఈ అధికారం దక్కినా ఇదే ఓటు వేస్తాడా? ఈ నాలుగింటికి ఔనన్నవాడు కఠిన చట్టానికి ఓటు వేసినా నాకు గౌరవనీయుడే. ఒక్కదానికీ ఔననలేనివాడు ఆ చట్టాన్ని వ్యతిరేకించినా, అది కేవలం పక్షరాజకీయమే. సైనికునికి ఆయుధం, దర్యాప్తు సంస్థకు నిధులు, సరిహద్దుకు కాపలా నిరాకరించేవాడు నా పరీక్షలో నెగ్గలేడు. పరిధులు మాత్రమే ఉండి అగ్ని లేకపోతే అది హోమం కాదు కదా.

శాసనసభ్యులకు కూడా ఇదే వర్తిస్తుంది. 1986 నాటి చట్టాన్ని మనవారు పీడీ యాక్ట్ అంటారు. దాని కింద ఏడాది వరకు విచారణ లేకుండా నిర్బంధించవచ్చు. తెలంగాణలో దాన్ని యాంత్రికంగా ప్రయోగించడాన్ని 2023లో సుప్రీంకోర్టు తీవ్రంగా ఆక్షేపించింది. ఈ విషయం మీ శాసనసభ్యుణ్ణి మీరెన్నడైనా అడిగారా?

'శత్రువు ఏ నియమమూ పాటించడు, మనమే ఎందుకు పాటించాలి?' అన్నది కడపటి ఆక్షేపణ. శత్రువును నియమాలతో కాపాడమని ఎవరూ అనడం లేదు. పట్టుబడినవాడు శత్రువే అని నిర్ణయించడానికే నియమం. ఆ నిర్ణయం జరిగిన పిమ్మట దండం తీక్ష్ణంగానే పడనీయండి. నిర్ణయానికి ముందే అతణ్ణి శత్రువు అనడం మాండవ్యుణ్ణి శూలానికెత్తిన రాజు పని.

ఎన్నికలు వచ్చినప్పుడు అభ్యర్థులందరూ మా ఆలయానికి వస్తారు. పూర్ణకుంభం, శేషవస్త్రం, ఆశీర్వచనం అన్నీ అందరికీ సమానమే, అది అర్చకధర్మం. వారు బయటకు వచ్చి మండపంలో కూర్చున్నప్పుడు మాత్రం భక్తులారా, మీరు ఒక్క ప్రశ్న వేయండి. కారణం చెప్పకుండా తీసుకుపోయిన మనిషి ఎన్నాళ్లకు న్యాయమూర్తి ముఖం చూస్తాడో అడగండి. మా వీధి ఉపాధ్యాయుని ధర్మపత్నికి మా తండ్రిగారు చెప్పలేకపోయిన సమాధానం అదే. దాన్ని చెప్పవలసిన బాధ్యత అర్చకునిది కాదు, చట్టానికి చేయి ఎత్తినవారిది.

స్వస్తి.